అమెరికాలో కళాశాల విద్య, ఉపాధ్యాయ శిక్షణ (1890–1940)

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 1890–1940 మధ్య కళాశాలలూ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలూ ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకుంటూ మారాయి. ఈ కాలం మొదట్లో ఎనిమిదో తరగతి చదివి కౌంటీ పరీక్ష గట్టెక్కిన యువతి పల్లె బడిలో పంతులమ్మగా చేరగలిగేది. చివరికి వచ్చేసరికి నాలుగేళ్ల పట్టా ఉన్నవారినే తీసుకోవాలన్న నియమం చాలా రాష్ట్రాల్లో అమల్లోకి రావడమో చర్చకు రావడమో జరిగింది. నార్మల్ స్కూళ్లు టీచర్స్ కాలేజీలయ్యాయి, విశ్వవిద్యాలయాల్లో విద్యాశాఖలు వెలిశాయి, బోధనను శాస్త్రంగా అధ్యయనం చేసే ప్రయత్నం మొదలైంది. ఈ మార్పు ఉపాధ్యాయ వృత్తి హోదాను పెంచింది. అయితే ప్రాథమిక పాఠశాలలకు, ముఖ్యంగా పల్లె బడులకు, పంతుళ్లను తయారు చేయాలన్న మొదటి లక్ష్యం క్రమంగా వెనక్కి వెళ్లింది.

నిర్వచనం, పరిధి

బడిలో పాఠం చెప్పబోయేవారికి పాఠ్యవిషయాలతో పాటు బోధన పద్ధతులు, తరగతి నిర్వహణ, పిల్లల మనస్తత్వం నేర్పి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పాఠాలు చెప్పించే చదువును ఉపాధ్యాయ శిక్షణ అంటారు. ఈ పనికే ప్రత్యేకించిన సంస్థకు అమెరికాలో వాడుకలోకి వచ్చిన పేరు నార్మల్ స్కూల్. నాలుగేళ్లు చదివించి పట్టా ఇచ్చే అధికారం పొందిన శిక్షణ సంస్థ టీచర్స్ కాలేజీ. విశ్వవిద్యాలయంలో అంతర్భాగంగా ఉండి హైస్కూలు ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు, పాఠశాల పాలకులకు, పరిశోధకులకు చదువు చెప్పేది విద్యాశాఖ. విద్య అమెరికాలో రాష్ట్రాల అధికార పరిధిలోనిది కాబట్టి నిబంధనలు ఒక రాష్ట్రానికీ మరో రాష్ట్రానికీ బాగా తేడాగా ఉండేవి.

చారిత్రక నేపథ్యం: 19వ శతాబ్దం

ఉపాధ్యాయ శిక్షణ కోసం శామ్యూల్ హాల్ 1823లో వెర్మాంట్ రాష్ట్రంలోని కాంకర్డ్‌లో ఒక ప్రైవేటు పాఠశాల తెరిచాడు. ప్రభుత్వ సొమ్ముతో నడిచిన తొలి నార్మల్ స్కూల్ 1839 జులై 3న మసాచుసెట్స్‌లోని లెక్సింగ్‌టన్‌లో మొదలైంది. రాష్ట్ర విద్యామండలి కార్యదర్శి హొరేస్ మాన్ దాని స్థాపనకు కృషి చేయగా, సైరస్ పియర్స్ తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. మొదటి రోజు చేరినవారు ముగ్గురే, ముగ్గురూ యువతులు. ఈ సంస్థ తరువాత ఫ్రేమింగ్‌హామ్‌కు తరలి నేటికీ విశ్వవిద్యాలయంగా కొనసాగుతోంది. ప్రష్యాలోని ఉపాధ్యాయ శిక్షణాలయాలు, ఫ్రాన్స్‌లోని శిక్షణ సంస్థలు ఈ ప్రయత్నానికి నమూనాలయ్యాయి.

న్యూయార్క్ రాష్ట్రం 1844లో ఆల్బనీలోను, ఇల్లినాయ్ 1857లోను నార్మల్ సంస్థలు నెలకొల్పాయి. మిషిగన్ శాసనసభ 1849లో ఇప్సిలాంటి సంస్థకు అనుమతి ఇచ్చింది. 1861లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఓస్విగోలో ఎడ్వర్డ్ షెల్డన్ ప్రారంభించిన శిక్షణ, స్విట్జర్లాండ్ విద్యావేత్త పెస్టలోజీ ఆలోచనల ఆధారంగా వస్తువులను చూపించి, తాకించి, మాట్లాడించి నేర్పే పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేసింది. అక్కడ చదివినవారు అనేక రాష్ట్రాల నార్మల్ స్కూళ్లలో అధ్యాపకులయ్యారు.

విశ్వవిద్యాలయాలు ఈ రంగంలోకి ఆలస్యంగా వచ్చాయి. అయొవా విశ్వవిద్యాలయం 1873లో బోధనశాస్త్రానికి ఒక శాశ్వత శాఖ ఏర్పరచింది. మిషిగన్ విశ్వవిద్యాలయం 1879లో ప్రత్యేక ఆచార్య పదవి నెలకొల్పి విలియం పేన్‌ను నియమించింది.

మార్పుకు కారణాలు

అన్నిటికంటే పెద్ద కారణం హైస్కూళ్ల విస్తరణ. ప్రజల పన్నులతో హైస్కూలు నడపడం చట్టబద్ధమేనని మిషిగన్ సుప్రీంకోర్టు 1874లో కలమజూ కేసులో తీర్పు ఇచ్చాక ఇతర రాష్ట్రాల్లోనూ అడ్డంకులు తగ్గాయి. 1900లో ప్రభుత్వ హైస్కూళ్లలో సుమారు 5 లక్షల మంది చదువుతుండగా 1930 నాటికి వారి సంఖ్య సుమారు 44 లక్షలకు చేరింది. 17 ఏళ్ల వయసువారిలో హైస్కూలు పూర్తిచేసినవారు 1900లో నూటికి ఆరుగురు. 1940 నాటికి సగం మంది.

దీని ప్రభావం రెండు వైపులా పడింది. ఇన్ని హైస్కూళ్లకు కళాశాల చదువున్న ఉపాధ్యాయులు కావలసివచ్చింది. మరోవైపు శిక్షణకు వచ్చేవారిలో హైస్కూలు పూర్తిచేసినవారు పెరిగి, నార్మల్ స్కూళ్లు తమ ప్రవేశ అర్హతనూ పాఠాల స్థాయినీ పెంచుకోగలిగాయి. వలసలతో నిండిన నగరాల్లో బడుల విస్తరణ, పిల్లలను విధిగా బడికి పంపాలన్న చట్టాలు, బాలకార్మిక వ్యవస్థపై ఆంక్షలు ఉపాధ్యాయుల గిరాకీని మరింత పెంచాయి.

కళాశాల విద్య స్వరూపం

1900లో దేశంలో వెయ్యికి కొంచెం తక్కువగా ఉన్నత విద్యాసంస్థలు ఉండేవి. వాటిలో సుమారు 2.38 లక్షల మంది చదివేవారు. 1930 నాటికి విద్యార్థుల సంఖ్య 11 లక్షలు దాటింది. చర్చిల పోషణలో నడిచే చిన్న కళాశాలలు, 1862 నాటి మోరిల్ చట్టం కింద భూములు పొందిన రాష్ట్ర వ్యవసాయ, ఇంజనీరింగ్ సంస్థలు, మహిళా కళాశాలలు, పరిశోధన ప్రధానమైన విశ్వవిద్యాలయాలు అప్పటి ప్రధాన రకాలు. 1876లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం జర్మన్ తరహా పరిశోధన చదువుకు దారి చూపింది. 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో రెండేళ్ల జూనియర్ కాలేజీ మొదలైంది.

హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ తన సుదీర్ఘ పదవీకాలంలో (1869–1909) విద్యార్థి తనకు నచ్చిన విషయాలను ఎంచుకునే ఐచ్ఛిక విధానాన్ని బలపరిచాడు. గ్రీకు, లాటిన్ తప్పనిసరి అన్న పాత పద్ధతి దీనితో సడలింది. ఆయన తరువాత వచ్చిన లారెన్స్ లోవెల్ ఒక ప్రధాన విషయంలో లోతు, ఇతర విషయాల్లో విస్తృతి ఉండాలన్న నియమం తెచ్చాడు. కొలంబియా కాలేజీ 1919లో సమకాలీన నాగరికతపై ఉమ్మడి పాఠ్యక్రమం ప్రారంభించింది.

హైస్కూలుకూ కళాశాలకూ మధ్య ప్రమాణాలు కుదరడం ఈ దశలోనే జరిగింది. ఎలియట్ అధ్యక్షతన పదిమంది కమిటీ 1890ల్లో హైస్కూలు పాఠ్యక్రమంపై నివేదిక ఇచ్చింది. కళాశాల ప్రవేశ పరీక్షల బోర్డు 1900లో ఏర్పడి మరుసటి ఏడాది తొలి పరీక్షలు నిర్వహించింది. ఆండ్రూ కార్నెగీ విరాళంతో 1905లో ఏర్పడిన కార్నెగీ ఫౌండేషన్ కళాశాల అధ్యాపకులకు పింఛన్లు ఇస్తూ, ఆ పథకంలో చేరే సంస్థలకు ప్రవేశ ప్రమాణాలు విధించింది. ఒక విషయంలో ఏడాదిపాటు సుమారు 120 గంటల చదువును ఒక యూనిట్‌గా లెక్కించే పద్ధతి ఆ విధంగా స్థిరపడింది. ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు కళాశాల హోదా కోరినప్పుడు ఈ కొలతలకే సరితూగవలసివచ్చింది.

శిక్షణ సంస్థల రకాలు

*రాష్ట్ర నార్మల్ స్కూళ్లు.* ఎక్కువగా చిన్న పట్టణాల్లో ఉండేవి. ఉపాధ్యాయులుగా పనిచేస్తామని మాట ఇచ్చినవారికి ఫీజు లేకుండా, లేదా నామమాత్రపు ఫీజుతో చదువు చెప్పేవి. తొలి దశలో ఎనిమిదో తరగతి చదివినవారినీ చేర్చుకునేవి. తరువాత హైస్కూలు పూర్తిచేసినవారికి రెండేళ్ల పాఠ్యక్రమం సాధారణమైంది. కుటుంబంలో మొదటిసారి పై చదువుకు వచ్చిన రైతుల, చేతిపనివారల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇవి అందుబాటులోని ఉన్నత విద్య అయ్యాయి.

*టీచర్స్ కాలేజీలు.* ఆల్బనీ సంస్థ 1890లో, ఇప్సిలాంటి సంస్థ 1899లో నార్మల్ కాలేజీలుగా పేరు మార్చుకున్నాయి. సీడర్ ఫాల్స్‌లోని నార్మల్ స్కూల్ 1909లో అయొవా స్టేట్ టీచర్స్ కాలేజీ అయింది. 1917లో అమెరికన్ టీచర్స్ కాలేజీల సంఘం ఏర్పడి, 1920ల్లో అధ్యాపకుల అర్హతలు, గ్రంథాలయం, ప్రయోగ పాఠశాల వంటి వాటికి ప్రమాణాలు నిర్ణయించింది. 1940 నాటికి నార్మల్ స్కూల్ అన్న పేరు దాదాపు కనుమరుగైంది.

*నగర శిక్షణ సంస్థలు.* బోస్టన్, సెయింట్ లూయిస్, చికాగో వంటి నగరాలు తమ బడుల కోసం సొంత సంస్థలు నడిపాయి. న్యూయార్క్‌లో థామస్ హంటర్ 1870లో ప్రారంభించిన బాలికల నార్మల్ పాఠశాల 1914లో హంటర్ కాలేజీ అయింది. చికాగో సమీపంలోని కుక్ కౌంటీ నార్మల్ స్కూల్‌కు ఫ్రాన్సిస్ పార్కర్ నాయకత్వం వహించి ప్రకృతి పరిశీలన, చిత్రలేఖనం, చేతిపనులను పాఠాల్లోకి తెచ్చాడు.

*కౌంటీ, హైస్కూలు శిక్షణ తరగతులు.* పల్లె బడుల కోసం విస్కాన్సిన్ 1899 నుంచి కౌంటీ శిక్షణ పాఠశాలలు నడిపింది. మరికొన్ని రాష్ట్రాలు హైస్కూలు చివరి సంవత్సరాల్లోనే బోధన శిక్షణ ఇచ్చాయి.

*ప్రత్యేక రంగాల సంస్థలు.* కిండర్‌గార్టెన్ ఉపాధ్యాయినుల కోసం బోస్టన్‌లో లూసీ వీలాక్, చికాగోలో ఎలిజబెత్ హారిసన్ సంస్థలు నడిపారు. కాథలిక్ బడుల్లో పాఠాలు చెప్పే సన్యాసినుల కోసం వాషింగ్టన్‌లోని కాథలిక్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా 1911లో సిస్టర్స్ కాలేజీ ఏర్పడింది. 1917 నాటి స్మిత్–హ్యూస్ చట్టం వ్యవసాయం, గృహవిజ్ఞానం, వృత్తి పనుల ఉపాధ్యాయుల శిక్షణకు కేంద్ర ప్రభుత్వ నిధులు తెచ్చింది.

*ఉద్యోగంలో ఉన్నవారికి శిక్షణ.* ఏటా కొద్ది రోజులపాటు కౌంటీలోని ఉపాధ్యాయులందరినీ ఒకచోట చేర్చి పాఠాలు చెప్పే సమావేశాలను ఇన్‌స్టిట్యూట్ అనేవారు. హెన్రీ బర్నార్డ్ 1839లో కనెక్టికట్‌లో వీటిని మొదలుపెట్టాడు. 20వ శతాబ్దంలో వేసవి తరగతులు వీటి స్థానంలోకి వచ్చాయి. చికాగో విశ్వవిద్యాలయం ఏడాదిని నాలుగు భాగాలు చేసి వేసవినీ పూర్తిస్థాయి చదువుకాలంగా లెక్కించడంతో, ఉపాధ్యాయులు ఏటా కొంత చొప్పున చదువుతూ పట్టా పొందే వీలు కలిగింది.

విశ్వవిద్యాలయ విద్యాశాఖలు

న్యూయార్క్‌లో గ్రేస్ హోడ్లీ డాడ్జ్, నికొలస్ మరే బట్లర్ 1887లో నెలకొల్పిన శిక్షణ పాఠశాల 1892లో టీచర్స్ కాలేజీ పేరు పొంది, తరువాత కొలంబియా విశ్వవిద్యాలయంతో అనుబంధం ఏర్పరచుకుంది. జేమ్స్ ఎర్ల్ రస్సెల్ 1890ల చివరి నుంచి 1927 వరకు డీన్‌గా ఉన్న కాలంలో ఇది దేశంలోనే అత్యంత ప్రభావశీలమైన విద్యాశాఖగా ఎదిగింది. మనస్తత్వశాస్త్రంలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్, విద్యాచరిత్రలో పాల్ మన్రో, బోధన సిద్ధాంతంలో విలియం కిల్పాట్రిక్ ఇక్కడ పనిచేశారు. మన్రో సంపాదకత్వంలో 1911–1913 మధ్య అయిదు సంపుటాల విద్యా విజ్ఞాన సర్వస్వం వెలువడింది. హొరేస్ మాన్ స్కూల్, 1917లో మొదలైన లింకన్ స్కూల్ దీని ప్రయోగ పాఠశాలలు.

చికాగో విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ 1896లో ప్రయోగ పాఠశాల ప్రారంభించాడు. 1909 నుంచి అక్కడ చార్లెస్ జడ్ గణాంకాలు, ప్రయోగాల ఆధారంగా విద్యాపరిశోధనను నడిపించాడు. స్టాన్‌ఫర్డ్‌లో ఎల్‌వుడ్ కబర్లీ పాఠశాల పాలనను ప్రత్యేక అధ్యయన రంగంగా తీర్చిదిద్ది 1933 వరకు డీన్‌గా ఉన్నాడు. హార్వర్డ్ 1920లో విద్యలో స్నాతకోత్తర విభాగం ఏర్పరచి స్త్రీలను కూడా చేర్చుకుంది. హార్వర్డ్ విభాగాల్లో స్త్రీలకు ప్రవేశం ఇచ్చిన మొదటిది ఇదే. టెనెసీలోని నాష్‌విల్‌లో జార్జి పీబాడీ కాలేజీ దక్షిణాది రాష్ట్రాలకు శిక్షణ కేంద్రమైంది.

ఈ శాఖలు హైస్కూలు ఉపాధ్యాయులపైన, సూపరింటెండెంట్లపైన ఎక్కువగా దృష్టి పెట్టాయి. ప్రాథమిక ఉపాధ్యాయుల శిక్షణ నార్మల్ స్కూళ్లకు మిగిలింది. పాలకుల్లో పురుషులు, ప్రాథమిక తరగతుల్లో స్త్రీలు ఎక్కువ కావడంతో ఈ విభజన స్త్రీ పురుష భేదాన్ని కూడా ప్రతిబింబించింది.

పాఠ్యక్రమం, బోధనాభ్యాసం

నార్మల్ స్కూల్ పాఠ్యక్రమంలో మూడు భాగాలుండేవి. మొదటిది బడిలో చెప్పవలసిన విషయాలే: అంకగణితం, వ్యాకరణం, భూగోళం, చరిత్ర, ప్రకృతి పాఠాలు, సంగీతం, చిత్రలేఖనం, చేతిరాత. రెండోది వృత్తి విషయాలు: విద్యాచరిత్ర, మనస్తత్వశాస్త్రం, బోధన పద్ధతులు, పాఠశాల నిర్వహణ, ఆరోగ్యం. మూడోది బోధనాభ్యాసం.

బోధనాభ్యాసం కోసం చాలా సంస్థలకు అనుబంధంగా స్థానిక పిల్లలతో ఒక మోడల్ స్కూల్ ఉండేది. శిక్షణార్థి ముందు అనుభవజ్ఞుల పాఠాలను వెనక బెంచీలో కూర్చుని గమనించి నోట్సు రాసుకోవాలి. తన వంతు వచ్చినప్పుడు లెసన్ ప్లాన్ రాసి ముందుగానే పర్యవేక్షక ఉపాధ్యాయినికి చూపించాలి. పాఠం లక్ష్యం, పిల్లలకు ఇప్పటికే తెలిసినది, అడగబోయే ప్రశ్నలు, బోర్డుపై రాయబోయేది, చివర ఇచ్చే పని అందులో వరుసగా ఉండాలి. పాఠం నడుస్తున్నంతసేపూ పర్యవేక్షకురాలు గది వెనక కూర్చుని ప్రశ్న స్పష్టంగా ఉందా, అందరు పిల్లలకూ అవకాశం దక్కిందా, సమయం సరిపోయిందా అని రాసుకునేది. కొన్ని పాఠాలకు తోటి శిక్షణార్థులు కూడా వచ్చి, పిల్లలు వెళ్లాక తప్పొప్పులు చర్చించేవారు.

విశ్వవిద్యాలయాల్లో మోడల్ స్కూల్ పాత్ర మారింది. అక్కడ అది శిక్షణకన్నా కొత్త పద్ధతులను పరీక్షించే ప్రయోగశాలగా నడిచింది. బోధనాభ్యాసానికి చుట్టుపక్కల ప్రభుత్వ హైస్కూళ్లను వాడుకునేవారు.

బోధన సిద్ధాంతాలు

*హెర్బార్ట్ ధోరణి.* జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ ఆలోచనలను జర్మనీలో చదువుకుని వచ్చిన చార్లెస్ డిగార్మో, మెక్‌మరీ సోదరులు 1890ల్లో ప్రచారం చేశారు. సన్నాహం, సమర్పణ, పోలిక, సామాన్యీకరణ, అనువర్తన అనే అయిదు దశల్లో ప్రతి పాఠాన్నీ నడపాలన్నది దాని సారం. నదులపై పాఠమైతే, పిల్లలు చూసిన వాగును గుర్తుచేయడం మొదటి దశ. మిసిసిపి గురించి చెప్పడం రెండోది. వాగునూ నదినీ పోల్చి, నీరు మన్నును మోసుకొచ్చి పరిచే తీరును సూత్రంగా చెప్పించడం తరువాతి రెండు దశలు. మరో నదిపటం ఇచ్చి ఆ సూత్రాన్ని అన్వయింపజేయడం చివరిది. లెసన్ ప్లాన్ రాసే అలవాటు బలపడటానికి ఈ ధోరణి ముఖ్య కారణం. 1895లో ఏర్పడిన నేషనల్ హెర్బార్ట్ సొసైటీ తరువాత విద్యాధ్యయన జాతీయ సంఘంగా మారింది.

*డ్యూయీ, ప్రగతిశీల విద్య.* పిల్లలు పనిలో పాలుపంచుకుంటూ, ఎదురైన సమస్యను పరిష్కరిస్తూ నేర్చుకుంటారనీ, బడి ప్రజాస్వామ్య జీవనానికి అలవాటు చేయాలనీ జాన్ డ్యూయీ వాదించాడు. ప్రయోగ పాఠశాలలో పిల్లలు వంట, నేత, వడ్రంగం చేస్తూ లెక్కలు, రసాయనం, చరిత్ర నేర్చుకునేవారు. డ్యూయీ 1904లో కొలంబియాకు మారాడు. ప్రజాస్వామ్యం, విద్యల సంబంధంపై ఆయన ప్రధాన గ్రంథం 1916లో వెలువడింది. కిల్పాట్రిక్ 1918లో ప్రకటించిన ప్రాజెక్టు పద్ధతి ఈ ఆలోచనలను వేలాది మంది ఉపాధ్యాయులకు చేర్చింది.

*థార్న్‌డైక్, కొలత ధోరణి.* 1901లో రాబర్ట్ వుడ్‌వర్త్‌తో కలిసి థార్న్‌డైక్ చేసిన ప్రయోగాలు, ఒక విషయంలో సాధన చేస్తే దానితో పోలిక లేని మరో విషయంలో సామర్థ్యం పెద్దగా పెరగదని చూపాయి. లాటిన్, గణితం మెదడుకు సాము చేయిస్తాయన్న పాత నమ్మకం దీనితో బలహీనపడింది. చేతిరాత, లెక్కలు, చదవడం వంటివాటికి ప్రామాణిక పరీక్షలు వచ్చాయి. 1916లో లూయిస్ టెర్మన్ సవరించిన స్టాన్‌ఫర్డ్–బినే పరీక్షతో పిల్లలను తెలివితేటల అంకెల ప్రకారం విభజించే పద్ధతి బడుల్లోకి వచ్చింది.

*బాగ్లీ వాదం.* ప్రతి బిడ్డకూ అందవలసిన ప్రాథమిక విషయజ్ఞానం ఉందనీ, క్రమబద్ధమైన బోధన లేకపోతే పేద పిల్లలే నష్టపోతారనీ విలియం బాగ్లీ టీచర్స్ కాలేజీలోనే ఉండి వాదించాడు. పుట్టుకతో వచ్చే తెలివిపై పరీక్షలు చెప్పే నిర్ణయాలనూ ఆయన వ్యతిరేకించాడు. 1938లో ఈ ధోరణికి ఆవశ్యకవాదం అన్న పేరు స్థిరపడింది.

సర్టిఫికెట్ విధానం

19వ శతాబ్దంలో కౌంటీ సూపరింటెండెంట్ పెట్టే రాతపరీక్షే సర్టిఫికెట్‌కు ప్రధాన మార్గం. ఆ సర్టిఫికెట్ ఒక్క కౌంటీలో, ఏడాదో రెండేళ్లో చెల్లేది. 1900 తరువాత రెండు మార్పులు వచ్చాయి. సర్టిఫికెట్లు ఇచ్చే అధికారం కౌంటీల నుంచి రాష్ట్ర విద్యామండళ్లకు చేరింది, పరీక్షకు బదులు చదివిన చదువు ఆధారమైంది. 1907లో ఇండియానా కొత్తగా చేరే ఉపాధ్యాయులందరికీ హైస్కూలు చదువును కనీస అర్హత చేసింది. తరువాత ఎన్ని క్రెడిట్లు చదవాలి, బోధనాభ్యాసం ఎన్ని గంటలు చేయాలి అన్న లెక్కలు స్థిరపడ్డాయి. అన్ని తరగతులకూ చెల్లే ఉమ్మడి సర్టిఫికెట్ స్థానంలో ప్రాథమిక, హైస్కూలు, విషయవారీ సర్టిఫికెట్లు వచ్చాయి.

విద్యార్థులు, ఉపాధ్యాయులు

ప్రభుత్వ బడుల ఉపాధ్యాయుల్లో స్త్రీలు 1900లో నూటికి 70 మంది, 1920లో 86 మంది. పురుషుల కంటే వారికి జీతాలు తక్కువ. పెళ్లయితే ఉద్యోగం మానాలన్న నిబంధన చాలా జిల్లాల్లో ఉండేది. సర్వీసు తక్కువ కావడంతో ఏటా కొత్తవారు పెద్దసంఖ్యలో కావలసివచ్చేవారు. చికాగో ఉపాధ్యాయినులు 1897లో సంఘం పెట్టుకున్నారు. దాని నాయకురాలు మార్గరెట్ హేలీ 1904లో జాతీయ విద్యాసంఘం సభలో ఉపాధ్యాయుల సంఘటితం అవసరమని వాదించింది. చికాగో నార్మల్ స్కూల్ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఎల్లా ఫ్లాగ్ యంగ్ 1909లో ఆ నగర పాఠశాలల సూపరింటెండెంట్ అయి, 1910లో జాతీయ విద్యాసంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలిగా ఎన్నికైంది. 1916లో అమెరికన్ ఉపాధ్యాయ సమాఖ్య ఏర్పడింది.

1910ల చివర కూడా దేశంలో సుమారు 2 లక్షల ఏకగది బడులు ఉండేవి. అక్కడ ఒక్క ఉపాధ్యాయిని ఎనిమిది తరగతులనూ చూసుకోవాలి. పొయ్యి రాజేయడం, గది ఊడ్వడం కూడా తరచు ఆమె పనే. శిక్షణ పొందినవారు పట్టణాలకు వెళ్లిపోవడంతో ఈ బడులకు తక్కువ చదువున్నవారే దక్కేవారు.

చదువు, ఉద్యోగం ఒకదానితో ఒకటి కలిసి సాగిన తీరుకు తరువాతి కాలపు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉదాహరణ. ఆయన 1927లో టెక్సస్‌లోని శాన్ మార్కస్ టీచర్స్ కాలేజీలో చేరాడు. డబ్బు సరిపోక మధ్యలో చదువు ఆపి, 1928–29లో కొటుల్లా పట్టణంలో మెక్సికన్ అమెరికన్ పిల్లల బడిలో పనిచేశాడు. ఆ జీతంతో తిరిగి కాలేజీకి వెళ్లి 1930లో పట్టా తీసుకున్నాడు. 1965లో ఉన్నత విద్యా చట్టంపై సంతకం చేయడానికి ఆయన ఎంచుకున్నది ఆ కాలేజీ ప్రాంగణాన్నే.

నల్లజాతి ఉపాధ్యాయుల శిక్షణ

దక్షిణాది రాష్ట్రాల్లో బడులు జాతుల వారీగా వేరుగా ఉండేవి. 1896లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్లెసీ తీర్పు ఈ వేర్పాటుకు రాజ్యాంగ ఆమోదం ఇచ్చింది. నల్లజాతి, తెల్లజాతి విద్యార్థులను కలిపి చదివించిన కెంటకీలోని బెరియా కాలేజీపై రాష్ట్రం చేసిన నిషేధాన్ని సుప్రీంకోర్టు 1908లో సమర్థించింది. నల్లజాతి బడులకు ప్రభుత్వ వ్యయం చాలా తక్కువగా ఉండేది.

వర్జీనియాలోని హాంప్టన్ సంస్థ 1868లో మొదలై పల్లె బడుల ఉపాధ్యాయులను చేతిపనులతో పాటు తయారుచేసింది. అక్కడ చదివిన బుకర్ వాషింగ్టన్ 1881లో అలబామా శాసనసభ ఏటా 2,000 డాలర్లు మంజూరు చేసిన టస్కీగీ నార్మల్ స్కూల్‌ను ప్రారంభించాడు. ఫిస్క్, అట్లాంటా విశ్వవిద్యాలయాలు ఉదార విద్య మార్గం అనుసరించాయి. చేతిపనుల చదువుకే పరిమితం చేస్తే జాతికి నాయకులూ, ఆ బడులకే సరైన ఉపాధ్యాయులూ దొరకరని ఫిస్క్‌లో చదివిన డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ 1903లో వాదించాడు.

1908లో వర్జీనియాలోని హెన్రైకో కౌంటీలో వర్జీనియా రాండాల్ఫ్ తొలి జీన్స్ పర్యవేక్షక ఉపాధ్యాయిని అయింది. అన్నా జీన్స్ విరాళనిధితో ఇలాంటివారు కౌంటీలోని పల్లె బడులన్నీ తిరిగి ఉపాధ్యాయులకు బోధనలో తోడ్పడ్డారు. జూలియస్ రోజెన్‌వాల్డ్ సాయంతో, స్థానిక నల్లజాతి ప్రజల చందాలతో 1932 నాటికి సుమారు 5,000 బడి భవనాలు లేచాయి. వర్ణభేదంతో ఇచ్చే తక్కువ జీతాలు చెల్లవని వర్జీనియాలోని నార్‌ఫోక్ ఉపాధ్యాయుల కేసులో కేంద్ర అప్పీలు కోర్టు 1940లో తీర్పు చెప్పింది.

సర్వేలు, విమర్శలు

1914లో మిస్సోరి గవర్నర్ కోరిక మేరకు కార్నెగీ ఫౌండేషన్ ఆ రాష్ట్రంలోని నార్మల్ స్కూళ్లను పరిశీలించింది. లెర్నెడ్, బాగ్లీ తదితరులు రాసిన నివేదిక 1920లో వచ్చింది. నార్మల్ స్కూళ్లు విద్యార్థుల సంఖ్య కోసం సాధారణ కళాశాలల్లా మారిపోతూ తమ అసలు పనిని నిర్లక్ష్యం చేస్తున్నాయని అది ఎత్తిచూపింది. ఏ విషయాన్నయినా బడిలో చెప్పబోయేవారి అవసరానికి తగినట్టు నేర్పాలనీ, ప్రాథమిక ఉపాధ్యాయుల శిక్షణకు హైస్కూలువారితో సమానమైన స్థాయి ఉండాలనీ సూచించింది.

మరో వైపు నుంచి అబ్రహం ఫ్లెక్స్‌నర్ 1930లో విశ్వవిద్యాలయ విద్యాశాఖలు అల్పమైన అంశాలపై పట్టాలు ఇస్తున్నాయని విమర్శించాడు. విషయజ్ఞానం ముఖ్యమన్న కళాశాల ఆచార్యులకూ, పద్ధతి ముఖ్యమన్న విద్యాశాఖలవారికీ మధ్య వాదం ఈ కాలమంతా కొనసాగింది. 1930ల ఆర్థికమాంద్యం ఈ రంగాన్ని గట్టిగా దెబ్బతీసింది. చికాగోలో నెలల తరబడి జీతాలు అందలేదు. పట్టా ఉన్నా ఉద్యోగం దొరకనివారు పెరగడంతో రాష్ట్రాలు కనీస అర్హతలను పెంచగలిగాయి.

ఇతర దేశాలతో సంబంధం

అమెరికా పాలనలోకి వచ్చిన ఫిలిప్పీన్స్‌కు 1901లో థామస్ అనే ఓడలో దాదాపు 500 మంది ఉపాధ్యాయులు వెళ్లారు. అదే ఏడాది మనీలాలో నార్మల్ స్కూల్ మొదలైంది. కొలంబియా టీచర్స్ కాలేజీ 1923లో విదేశీ విద్యార్థుల కోసం అంతర్జాతీయ విభాగం ఏర్పరచింది. అక్కడ చదివిన తావో షింగ్‌జీ చైనాలో గ్రామీణ ఉపాధ్యాయ శిక్షణను ఉద్యమంగా నడిపాడు. డ్యూయీ 1919–21లో చైనాలో ఉపన్యాసాలు ఇచ్చి, 1924లో తుర్కియే విద్యావ్యవస్థపై నివేదిక రాశాడు. 1913–16లో కొలంబియాలో చదివిన బి. ఆర్. అంబేద్కర్ డ్యూయీ తరగతులకు హాజరయ్యాడు. ప్రజాస్వామ్యంపై అంబేద్కర్ రచనల్లో ఆ ప్రభావం స్పష్టం. తెలుగు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ బాపట్లలో నార్మల్ శిక్షణ పాఠశాల నడిపింది.

ప్రాముఖ్యత, తరువాతి పరిణామం

రెండో ప్రపంచయుద్ధం తరువాత టీచర్స్ కాలేజీలు సాధారణ రాష్ట్ర కళాశాలలుగా, ఆపైన విశ్వవిద్యాలయాలుగా మారాయి. ఇప్సిలాంటి నార్మల్ స్కూల్ నేడు ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయం, సీడర్ ఫాల్స్ సంస్థ యూనివర్సిటీ ఆఫ్ నార్తర్న్ అయొవా, టెంపీ నార్మల్ స్కూల్ అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం. లాస్ ఏంజిలస్ నార్మల్ స్కూల్ 1919లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కలిసి తరువాత దాని లాస్ ఏంజిలస్ శాఖగా ఎదిగింది. అమెరికాలో నేడు లక్షలాది మంది చదివే రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో గణనీయమైన భాగానికి పునాది నార్మల్ స్కూల్.

మోడల్ స్కూల్, లెసన్ ప్లాన్, పర్యవేక్షణలో బోధనాభ్యాసం, విద్యా మనస్తత్వశాస్త్రం, రాష్ట్ర సర్టిఫికెట్ అన్నవి ఈ అర్ధశతాబ్దంలో స్థిరపడి నేటికీ కొనసాగుతున్నాయి. సామాన్య కుటుంబాల స్త్రీలకు ఉన్నత విద్య అందడంలో ఈ సంస్థల పాత్ర పెద్దది. కళాశాల హోదాతో పాటు విషయజ్ఞానానికీ బోధన నైపుణ్యానికీ పాళ్లు ఎంతెంత ఉండాలి, శిక్షణ ఎవరి చేతిలో ఉండాలి, మంచి ఉపాధ్యాయులు పేద ప్రాంతాల బడులకు చేరేదెలా అన్న ప్రశ్నలు కూడా ఈ కాలంలోనే రూపుకట్టి, ఆ తరువాతి విద్యా సంస్కరణ చర్చలన్నిటికీ ప్రాతిపదిక అయ్యాయి.

చూ. కార్నెగీ ఫౌండేషన్, జాన్ డ్యూయీ, టస్కీగీ సంస్థ, నార్మల్ స్కూల్, ప్రగతిశీల విద్య, హొరేస్ మాన్.